కొండ బలం పగుళ్లలో ఉంది

అరకు నుంచి పాడేరు వెళ్లే దారిలో, డుంబ్రిగుడ దగ్గర చాపరాయి అనే చోటుంది. గెడ్డ నీళ్లు పెద్ద బండ మీద పలచగా పరుచుకుని జారుతుంటాయి. సెలవు రోజుల్లో విశాఖ నుంచి వచ్చినవాళ్లు పిల్లాపాపలతో ఆ బండ మీదే పొద్దు గడిపేస్తారు. ఆ పేరు పెట్టిన మనిషి ఎవరో గాని మంచి చూపున్నవాడు. చాపల కట్టలో ఒక చాప కింద ఇంకో చాప ఉన్నట్టే, కొండ బండల్లోనూ ఒక పొర కింద ఇంకో పొర విడివడి ఉండడం తరచూ కనిపిస్తుంది. భూమి లోతున బరువు కింద అణగి పుట్టిన రాయి అది. మీదున్న బరువంతా కోట్ల ఏళ్లలో వానకూ ఏటికీ కొట్టుకుపోయాక మెల్లగా ఉబ్బుతుంది, ఉబ్బి కొండ వాలు వెంబడే పొరలుగా విడుతుంది.

మనిషి చెయ్యి పడకుండానే పుట్టిన ఇలాంటి పగుళ్లు రాతి బలాన్ని ఎంత తగ్గిస్తాయి? వందేళ్లుగా భౌతిక శాస్త్రజ్ఞులూ ఇంజనీర్లూ తవ్వుతున్న ప్రశ్న ఇది. అరకు లోయకు రైలులో వెళ్లేవాళ్లకూ, కొండవాలు కింద ఇల్లు కట్టుకున్నవాళ్లకూ, గెడ్డ నీళ్లు తాగి బతికే గూడేలకూ నేరుగా సంబంధించిన ప్రశ్న కూడా. ఇంతవరకు తేలిందేమిటో, అది మన కొండలకు ఎలా వర్తిస్తుందో ఒకచోట చేర్చి చూడాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం.

తూర్పు కనుమల్లో ప్రధానంగా రెండు రాళ్లు. ఒకటి చార్నకైట్: నల్లగా, పచ్చగా జిడ్డు మెరుపుతో, గట్టిగా ఉంటుంది. కలకత్తాలో జాబ్ చార్నక్ సమాధి రాయిని చూసి థామస్ హాలండ్ ఆ పేరు పెట్టాడు. రెండోది ఖోండలైట్. 1902లో వాకర్ అనే భూగర్భశాస్త్రవేత్త ఈ కొండల్లో బతికే ఖోండుల పేరునే ఆ రాతికి ఇచ్చాడు. ఒక గిరిజన జాతి పేరు ప్రపంచంలోని భూగర్భశాస్త్ర పుస్తకాలన్నిటిలోకీ ఒక రాతి మీదుగా వెళ్లింది. క్వార్ట్జ్, గార్నెట్, సిల్లిమనైట్, ఫెల్‌స్పార్, అక్కడక్కడా గ్రాఫైట్ రేకులు కలిసిన పొరల రాయి అది. దాదాపు వంద కోట్ల ఏళ్ల కిందట 900 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికిన రాళ్లు అనంతగిరి, పాడేరు ప్రాంతాల్లో ఉన్నాయి. ఆ తర్వాత చల్లారినప్పుడు కొన్ని పగుళ్లు, కొండలు ముడతలు పడ్డప్పుడు కొన్ని, సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట మన నేల అంటార్కిటికా నుంచి విడిపోయినప్పుడు మరికొన్ని. ఇన్ని దెబ్బలు తిన్న కొండ ఒక్క ముక్కగా ఉండాలనుకోవడం న్యాయం కాదు.

మంచి చార్నకైట్ ముక్కను ప్రయోగశాలలో యంత్రం కింద పెట్టి నొక్కితే 100 మెగాపాస్కల్స్ దాటేదాకా తట్టుకుంటుంది. బొటనవేలి గోరంత చోట ఒక టన్ను బరువు పెట్టినట్టు. రాయి ఒక ఘనపు మీటరు 2.7 టన్నులు తూగుతుంది కాబట్టి, తన బరువుకు తానే నలగాలంటే ఆ రాతి గోడ 3,700 మీటర్ల ఎత్తు ఉండాలి. మన కనుమల్లో 1,700 మీటర్ల శిఖరమే లేదు. అయినా 20 మీటర్ల ఎత్తున కోసిన రోడ్డు పక్క గోడ ఒక రాత్రి వానకు కూలిపోతుంది. లెక్కకూ కళ్ల ముందు కనిపించేదానికీ మధ్య ఉన్న ఈ తేడా అంతా పగుళ్లది.

దీనికి మొదటి జవాబు గాజు నుంచి వచ్చింది. 1913లో ఇంగ్లిస్ అనే ఇంజనీరు ఒక పలకలో రంధ్రం ఉంటే దాని అంచు దగ్గర ఒత్తిడి ఎంత పెరుగుతుందో లెక్క కట్టాడు. గుండ్రని రంధ్రమైతే 3 రెట్లు. వెడల్పు కంటే పొడవు పది రెట్లున్న సన్నని రంధ్రాన్ని అడ్డంగా లాగితే దాని మొన దగ్గర 21 రెట్లు. పగులు ఎంత సన్నగా ఉంటే మొన అంత పదును. 1920లో గ్రిఫిత్ ఇంకో మెట్టు ఎక్కాడు. గాజు తాను తట్టుకోవలసినదానిలో చిన్న వంతు బరువుకే ఎందుకు పగులుతుందో, కంటికి కనిపించని నెర్రెలు పెరగడానికి కావలసిన శక్తి లెక్కతో చెప్పాడు. రాయి లాగుడుకు లొంగినంత తేలిగ్గా నొక్కుడుకు లొంగకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. చాలా రాళ్లలో లాగుడు బలం నొక్కుడు బలంలో పదో వంతుకు అటూ ఇటూ. లాగితే పగులు నోరు తెరుస్తుంది, నొక్కితే మూసుకుంటుంది. ఉలితో వరసగా గుంటలు తొలిచి, వాటిలో చీలలు దిగ్గొట్టి బండను రెండుగా చీల్చే రాతిపనివాళ్లు ఈ సూత్రం మీదే తరతరాలుగా అన్నం తింటున్నారు. వాళ్లు రాయిని నలగ్గొట్టరు, విడదీస్తారు. దాని సొంత పొర ఎటు పోతోందో చూసి గాని సమ్మెట ఎత్తరు.

గ్రిఫిత్ చెప్పినది కంటికి ఆనని నెర్రెల గురించి. కొండలో ఉన్నవి మనిషి పట్టేంత, రైలు పెట్టె పట్టేంత పగుళ్లు. అందుకే ముక్క పెద్దదయ్యే కొద్దీ బలం తగ్గుతుంది: పెద్ద ముక్కలో పెద్ద పగులు ఉండే అవకాశం ఎక్కువ. హోక్, బ్రౌన్ 1980లో రకరకాల రాళ్ల ఫలితాలు కలిపి గీసిన గీత ప్రకారం 50 మిల్లీమీటర్ల ముక్క కంటే 200 మిల్లీమీటర్ల ముక్క బలం ఐదో వంతుకు పైగా తక్కువ. చేతిలో ఇమిడే ముక్కలోనే ఇంత తేడా ఉంటే కొండ మాట చెప్పక్కర్లేదు. ప్రయోగశాల రిపోర్టులో ఉన్న అంకెను కొండ మొత్తానికి అంటగట్టడం ఈ రంగంలో అన్నిటికంటే పాత పొరపాటు, ఇంకా ఆగని పొరపాటు.

పగులు ఉందా లేదా అన్నదాని కంటే అది ఎటు వాలి ఉందన్నదే పెద్ద ప్రశ్న అని నా నమ్మకం. 1960లో జేగర్ దీన్ని చాలా సులువైన లెక్కతో చూపించాడు. ఒకే ఒక పగులున్న రాతి ముక్కను పైనుంచి నొక్కండి. పగులు అడ్డంగా పడుకుని ఉంటే రాయికి దాదాపు ఏమీ కాదు. నిట్టనిలువుగా ఉన్నా అంతే. అదే పగులు నేలకు 60 డిగ్రీల ప్రాంతంలో వాలి ఉంటే రాయి నలిగే పనే లేదు, పై ముక్క కింది ముక్క మీద జారిపోతుంది. రాయి అదే, పగులు అదే, బలం మాత్రం పదో వంతుకూ పడిపోవచ్చు. కొండవాలులోనూ ఇదే నడుస్తుంది. పొర కొండలోపలికి వాలి ఉంటే గోడ ఏళ్ల తరబడి నిలుస్తుంది. రోడ్డు వైపుకు, తవ్విన వాలు కంటే కొంచెం తక్కువ వాలుతో ఉంటే, అడుగు కోసిన రోజే దాని కాలు తీసేసినట్టు. ఖోండలైట్‌కు పొరలుంటాయి గనుక, ఘాట్ రోడ్డు ఒక మలుపులో కొండకు ఎడమ పక్క, ఇంకో మలుపులో కుడి పక్క కోసుకుంటూ పోతుంది గనుక, ఒక వంపులో చెక్కుచెదరని రాయే పక్క వంపులో రోడ్డు మీదికి వస్తుంది. ఒకే రాయి కదా అని అన్ని వంపుల్లోనూ ఒకే వాలుతో కోయడం తప్పు.

పగులు లోపల ఏముందన్నది దాని తర్వాతి మాట. శుభ్రమైన, గరుకైన రాతి ముఖాలు రెండు ఒకదాని మీద ఒకటి ఆనితే 30 నుంచి 40 డిగ్రీల వాలు దాకా జారవు. గరుకుల మీదుగా ఎక్కి దిగవలసి రావడమే ఆ పట్టుకు కారణమని 1966లో పాటన్ చూపించాడు. ఆ గరుకుదనానికి అంకె ఇచ్చే పద్ధతిని 1977లో బార్టన్, చౌబే తయారుచేశారు. అయితే పగులు నిండా బంకమట్టి చేరితే గరుకుకు పని లేదు, జారేది మట్టి మీదే. అప్పుడు 15 డిగ్రీల వాలు కూడా నమ్మలేం. ఖోండలైట్‌కు ఇక్కడే పెద్ద చిక్కు. దానిలోని ఫెల్‌స్పార్ నీటికి నాని తెల్లని సుద్దమట్టిగా మారుతుంది, గ్రాఫైట్ రేకులు పెన్సిల్ ముల్లులా జారుడుగా ఉంటాయి. కోణార్క్ గుడి కట్టింది ప్రధానంగా ఈ రాతితోనే. 13వ శతాబ్దపు ఆ శిల్పాలు సముద్రపు గాలికీ వానకూ పొరలు పొరలుగా రాలడం చూసినవాళ్లకు ఈ రాతి స్వభావం వేరే చెప్పనక్కర్లేదు. చార్నకైట్ అలా నానదు. అది పగుళ్ల వెంబడి మాత్రమే మెత్తబడి, మధ్యలో గుండ్రటి గట్టి గుండు మిగులుతుంది. మన కొండల మీద పేర్చినట్టు కనిపించే గుండ్లలో చాలావాటి పుట్టుక ఇదే. చుట్టూ ఉన్న మట్టిని వాన కడిగేస్తే ఆ గుండు దొర్లడానికి సిద్ధం.

ఇక నీరు. హిమాలయాల్లో పగుళ్లలో నీరు గడ్డకట్టి రాయిని చీలుస్తుంది. లంబసింగిలో చలి సున్నా దాకా వెళ్లే రాత్రులున్నా, మన కనుమల్లో ఆ పని అంతగా జరగదు. ఇక్కడ నీరు నీరుగానే నెడుతుంది. కొండ అంచున 5 మీటర్ల లోతు నిలువు పగులు వానకు నిండిందనుకోండి. ప్రతి మీటరు పొడవుకు అది పన్నెండున్నర టన్నుల బలంతో ముందున్న రాతిని బయటికి నెడుతుంది. 10 మీటర్ల లోతైతే 50 టన్నులు. లోతు రెండింతలైతే తోపు నాలుగింతలు. ఈ లెక్కలో పగులు వెడల్పు లేనే లేదు. జానెడు వెడల్పున్నా, పోస్టుకార్డు మందం ఉన్నా నీటి తోపు ఒకటే. సన్నని పగులు తక్కువ నీటితోనే నిండుతుంది కాబట్టి ఇంకా తొందరగా ప్రమాదం. పైగా అడుగు పొరలోకి చేరిన నీరు పై రాతిని కొంచెం ఎత్తి పట్టుకుంటుంది, ఉన్న పట్టు కూడా సడలుతుంది. కొండచరియలు చాలావరకు వాన రాత్రుల్లోనే ఎందుకు పడతాయన్నదానికి ఇంతకంటే వేరే కారణం వెతకనక్కర్లేదు.

ప్రపంచం ఈ పాఠం ప్రాణాలు పెట్టి నేర్చుకుంది. 1959 డిసెంబరు 2 రాత్రి దక్షిణ ఫ్రాన్సులో మాల్‌పాసె ఆనకట్ట తెగి 400 మందికి పైగా చనిపోయారు. దాని కింద ఉన్నది నైస్, మన ఖోండలైట్ లాంటి పొరల రాయే. కాంక్రీటులో లోపం లేదు. ఎడమ గట్టు రాతిలో పొరా, కింద ఉన్న మరో పగులూ కలిసి ఒక చీలముక్కను ఏర్పరిచాయి. నీటి ఒత్తిడికి ఆ ముక్క కదిలింది. 1962లో సాల్జ్‌బర్గ్‌లో అంతర్జాతీయ రాతి యాంత్రిక శాస్త్ర సంఘం ఏర్పడింది. దాని మొదటి అధ్యక్షుడు లియోపోల్డ్ ముల్లర్ జీవితమంతా చెప్పినది ఒకటే: రాతి ముక్క వేరు, రాతి రాశి వేరు. మన దేశంలో 1988లో కోలార్ బంగారు గనుల్లో జాతీయ రాతి యాంత్రిక సంస్థ వచ్చింది. తరతరాల తెలుగు, తమిళ కార్మికులు రాళ్లు పేలి చనిపోయిన గనులవి, అలాంటి సంస్థ అక్కడే పుట్టడం సబబు.

ఆ తర్వాత పగుళ్లకు మార్కులు వేసే పద్ధతులు వరసగా వచ్చాయి. 1960లలో డీర్ చెప్పినది చాలా తేలిక. డ్రిల్లింగులో పైకి తీసిన రాతి కడ్డీలో 10 సెంటీమీటర్లు, ఆ పైన పొడవున్న ముక్కలన్నీ కలిపి, మొత్తం పొడవులో ఎంత శాతమో చూడడం. మీటరున్నర తవ్వితే అలాంటి ముక్కలు 90 సెంటీమీటర్లు వస్తే 60 మార్కులు. బీనియాస్కీ 1973లో, నార్వేలో బార్టన్ బృందం 1974లో దీనికి పగుళ్ల దూరం, గరుకుదనం, నింపుడు, నీరు జోడించారు. హోక్ తర్వాత భూగర్భ బల సూచి తెచ్చాడు. ఇవాళ మన సొరంగాల టెండర్లన్నిటిలో ఈ అంకెలుంటాయి. ఇవి మేలు చేశాయి, ఇంజనీరుకూ భూగర్భశాస్త్రవేత్తకూ మాట్లాడుకోవడానికి ఒక భాష ఇచ్చాయి. కాని వీటి మీద నాకున్న అభ్యంతరం చెప్పాలి. ముక్కలన్నీ 11 సెంటీమీటర్లు ఉన్నా డీర్ లెక్కలో నూటికి నూరే. పైనుంచి నిలువుగా దించిన బోరుకు నిలువు పగుళ్లు తగలనే తగలవు, దాంతో పగుళ్ల కొండకు కూడా మంచి మార్కులు వస్తాయి. మార్కు మంచిదైనా, ఒకే ఒక పొర రోడ్డు వైపు వాలి ఉంటే ఆ మార్కు ఎవరినీ కాపాడదు. అంకె రాసే ముందు దిక్సూచితో కొండ మీద తిరిగి, ప్రతి పగులు వాలూ దిక్కూ రాసుకోవడానికి బదులు ఏదీ లేదు.

కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం దీనికి మన ఇంట్లో ఉన్న పెద్ద ప్రయోగశాల. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన ఈ దారిలో 58 సొరంగాలున్నాయి. సిమిలిగుడ స్టేషను దాదాపు 997 మీటర్ల ఎత్తున ఉంది. సొరంగాల్లో చాలావాటికన్నా వాటి ముందూ వెనకా ఉన్న కోత గోడలే ఎక్కువ బాధపెట్టాయి. లోతున రాయి నాలుగు వైపులా నొక్కబడి ఉంటుంది, పగుళ్లు మూసుకుని ఉంటాయి. కొండ అంచున వాటిని పట్టి ఉంచేది లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరం తాకినప్పుడు ఈ దారిలో చరియలు పడ్డాయి. 2023 సెప్టెంబరులో ఇదే లైనులో, ఒడిశా వైపు మనబార్–జరటి స్టేషన్ల మధ్య పెద్ద చరియ జారి రైళ్లు ఆగాయి. ఇంకా దక్షిణాన విజయవాడ కొండలూ ఇదే రాతివి. 2020 అక్టోబరు 21న ఇంద్రకీలాద్రి మీద చరియలు పడ్డాయి. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో రాళ్లు ఇళ్ల మీద పడి మనుషులు చనిపోయారు. రాయి వేరైనా నల్లమలలో కథ ఇదే: 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో నీరూ బురదా రాళ్లూ ఒక్కసారి విరుచుకుపడ్డాయి. లోపల చిక్కుకున్న ఎనిమిది మందిలో ఒక్కరూ ప్రాణాలతో బయటికి రాలేదు.

ఇంత చెప్పాక పగులంటేనే శత్రువు అనిపించవచ్చు. విశాఖ తీరంలో దానికి ఎదురు సాక్ష్యం ఉంది. సముద్రమట్టానికి దాదాపు 200 మీటర్ల దిగువన రాతిని తొలిచి 60,000 టన్నుల వంటగ్యాసు నిల్వ చేస్తున్నారు. అదే నగరంలో 2015 నుంచి 13.3 లక్షల టన్నుల ముడి చమురు నిల్వకు రాతి గుహలున్నాయి. ఈ గుహలకు ఉక్కు తొడుగు లేదు. చుట్టూ ఉన్న రాతి పగుళ్లు ఎప్పుడూ నీటితో నిండి ఉండేలా చూస్తారు. చమురు గుహల పైన చిన్న సొరంగాలు తవ్వి, వాటి నుంచి బోర్లు వేసి నీరు నింపి ఉంచుతారు. లోపలి ఒత్తిడి కంటే బయటి నీటి ఒత్తిడి ఎక్కువ కాబట్టి నీరే కొద్దికొద్దిగా లోపలికి ఊరుతుంది, చమురూ గ్యాసూ బయటికి పోలేవు. ఘాట్ రోడ్డులో ప్రాణం తీసే పగులూ నీరూ ఇక్కడ కాపలా కాస్తున్నాయి. తేడా ఒక్కటే, ఇక్కడ ప్రతి పగులునూ ముందే కొలిచి పటం గీశారు.

కొండ మీది ఊళ్లకు పగుళ్లు నీళ్లిస్తున్నాయి. వానాకాలంలో కొండ తాగిన నీరు పగుళ్ల వెంబడి దిగి వేసవి దాకా ఊటగా కారుతుంది. పైపు వేసి ఊరికి తెచ్చుకునే ఆ నీటిని గిరిజన గ్రామాల్లో గ్రావిటీ నీళ్లంటారు. గాలికొండ, రక్తకొండ లాంటి కొండల నెత్తిన బాక్సైట్ ఉంది. ఖోండలైట్ లక్షల ఏళ్లు నాని మిగిలిన గుల్ల రాయి అది, స్పాంజిలా నీరు పడుతుంది. ఆ టోపీ తవ్వేస్తే ఊటలు ఎండుతాయన్న గిరిజనుల భయం గాలిలో మాట కాదు, రాతి లెక్కలో ఉన్న మాటే. బొర్రా గుహలు కూడా పగుళ్ల పంటే. పాలరాయి పగుళ్లలోకి దిగిన నీరు రాతిని కరిగించి గోస్తని నదికి దారి చేసింది. ఆ గుహల మీదుగా రైలు పోతుంది. ఆ చుట్టుపక్కల కాల్సైట్ గనుల లీజుల మీద నడిచిన సమత కేసులోనే 1997 జూలై 11న సుప్రీంకోర్టు గిరిజన భూముల మీద చరిత్రాత్మక తీర్పు ఇచ్చింది.

ఈ కొండల్లో ఇప్పుడు రెండు పెద్ద కోతలు నడుస్తున్నాయి. కొత్తవలస–కోరాపుట్ రైలు మార్గానికి రెండో లైను, రాజమహేంద్రవరం నుంచి పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్లే 516ఇ జాతీయ రహదారి. రెండూ కావలసినవే. గర్భిణిని డోలీలో మోసుకొచ్చే ఊళ్లున్నచోట రోడ్డు వద్దనే హక్కు ఎవరికీ లేదు. కాని ఎలా కోస్తున్నారన్నది అడగాలి. రాతి రాశి బలాన్ని లెక్కగట్టే హోక్–బ్రౌన్ సూత్రంలో పేల్చుడు దెబ్బకు ఒక గుణకం ఉంది. ముక్క బలం 100 మెగాపాస్కల్స్ ఉన్న, మధ్యరకం పగుళ్ల కొండను తీసుకోండి. జాగ్రత్తగా కోస్తే కొండ ముఖం దగ్గర రాశి బలం 6 మెగాపాస్కల్స్ వస్తుంది. ఎడాపెడా మందుగుండు దట్టించి పేలిస్తే ఒకటిన్నరకు పడిపోతుంది. పండగకు ముందే పని ముగించాలన్న తొందరలో కొండ బలంలో ముప్పాతిక వంతు ఊదేస్తున్నామన్న మాట. అంచు వెంబడి దగ్గర దగ్గరగా సన్నని బోర్లు వేసి ముందుగా చీల్చుకునే పద్ధతికి ఖర్చు కొంత ఎక్కువ, కాలం కొంత ఎక్కువ. తర్వాత ఏటా చరియలు ఎత్తిపోసే ఖర్చు దాని ముందు లెక్కలోకి రాదు.

కాబట్టి రైల్వే, జాతీయ రహదారుల ఇంజనీర్లకు నా విన్నపం: ప్రతి కోత గోడకూ పగుళ్ల వాలు, దిక్కు పటం గీసి గాని మందుగుండు పెట్టకండి. గోడలోకి నీరు దిగిపోయే బోర్లు వేయండి, వేసినవాటిని ఏటా వానలకు ముందు శుభ్రం చేయించండి. కొండవాలు కింద ఉన్న ఊళ్ల పెద్దలకు ఒక మాట: ఊరి పైన బండలో పగులు కనిపిస్తే దానికి రెండు పక్కలా సున్నంతో గుర్తు పెట్టి, మధ్య దూరం టేపుతో కొలిచి తేదీతో సహా రాసి ఉంచండి. వానలు పట్టాక వారానికోసారి కొలవండి. ఆ దూరం పెరుగుతుంటే, పగులులోకి కొత్తగా మట్టినీరు దిగుతుంటే, చెట్లు వాలుతుంటే సచివాలయంలో చెప్పండి. ఆ రాత్రి మాత్రం ఆ ఇళ్లలో పడుకోకండి.